కంప్యూటర్‌కి లేని గోరు

అమలాపురం నుంచి రాజోలు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నాయన కత్తులు సానపట్టే మనిషి. గోనెలో చుట్టిన కొబ్బరి కత్తులు ఒళ్లో పెట్టుకున్నాడు. అలాంటివాళ్లంటే నాకు చులకన. ఇనుప పలకను అద్దంలా చదును చేసే కంప్యూటర్ గ్రైండింగ్ మిషను ఇంటి షెడ్డులో సొంతంగా తయారుచేసినవాణ్ణి మరి! అడక్కపోయినా సంచిలోంచి పలక తీసి ఆయన చేతిలో పెట్టాను.

“మనిషి చెయ్యి తగలక్కర్లేదు. వెంట్రుకలో పదో వంతు తేడా కూడా రాదు,” అన్నాను, చివర ‘అండీ’ కూడా తగిలించకుండా.

“ఆయ్,” అన్నాడాయన.

బొటనవేలి గోరు పలక మీద మెల్లగా ఈడ్చాడు. ఒకచోట ఆగింది. వెనక్కి తెచ్చి మళ్లీ ఈడ్చాడు. అక్కడే ఆగింది. నేను చూస్తున్నానని తెలిసి మూడోసారీ ఈడ్చాడు.

“చాలా బాగా చేసేరండీ. పాపం, కంప్యూటర్‌కి గోరుండదు కదండీ,” అని పలక నా ఒళ్లో పెట్టి పి.గన్నవరంలో దిగిపోయాడు.

ఇంత మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు. ఇప్పటికీ మిషను ఆగగానే తెర మీద అంకెలు చూసి మురిసిపోతాను. తర్వాత పలక మీద గోరు ఈడుస్తాను. ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

“ఆయ్,” అంటాను, షెడ్డులో ఒక్కణ్ణే.