పీల్చే పియానోలోకి ఊదిన గాలి

సూరత్‌లో నేను గాలితో దారాన్ని విసిరే ఎయిర్‌జెట్ మగ్గాల ఫిట్టర్‌ని. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా లైబ్రరీలో నేర్చుకున్నదే. దానంతటదే వాయించుకునే పియానో గురించి ఒక పాత ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. అందుకే ఊళ్ళోనే నాన్‌పురాలో ఒక పార్సీ పెద్దావిడ ఇంట్లో అలాంటిది మూగబోయి ఉందని తెలియగానే, నేను బాగుచేస్తానని ఒప్పేసుకున్నాను. శనివారానికి అది మోగకపోతే తుక్కు కొనేవాడికి ఇచ్చేస్తానని ఆవిడ కొడుకు తేల్చి చెప్పాడు.

ఆ పియానో గాలిని పీల్చి పనిచేస్తుంది. పెడళ్ళు తొక్కితే లోపలి గాలి బయటికి పోతుంది. పాటను చిల్లులుగా పొడిచిన కాగితం చుట్ట తిరుగుతూ, దానిలోని చిల్లు ఇత్తడి పట్టీ మీది చిల్లుకు ఎదురుగా రాగానే, సన్నటి గొట్టంలోకి కాస్త గాలి దూరుతుంది. ఆ కాస్త గాలికే ఉల్లిపొరలాంటి తోలు ఉబ్బి వాల్వును లేపుతుంది. అప్పుడు ఆ చిల్లుకు సంబంధించిన పియానో మెట్టు మోగుతుంది.

గొట్టాలన్నీ మార్చాను. గురువారం మధ్యాహ్నానికి ఇత్తడి పట్టీలో దుమ్ము దులపడం ఒక్కటే మిగిలింది. మా మిల్లులోనే పనిచేసే బామ్మర్ది చిన్న కంప్రెసర్ తెచ్చాడు. మిల్లులో మేము నూగు కనబడితే చాలు, గాలితో ఊదేస్తాం. చెయ్యి దానంతటదే కంప్రెసర్ గాలి గన్ను నొక్కింది. లోపల ఎక్కడో 'టప్' మంది.

"ఏంది బావా, గట్ల బిగుసుకపోయినవ్?"

"తోలు పలిగినట్టుంది."

"గీ జర గాలికేనా? నీ పుస్తకంల రాయలేదా?"

"ఊదొద్దు, పీల్చాలె అని రాసిండ్రు. సదివిన."

"సదివి గూడ ఊదినవా! నయం, నాకు సదువే రాలే."

"మెల్లగ మాట్లాడు. వంటింట్లనే ఉంది ఆమె."

"చెప్పకు మరి. పాతది, పోయిందందాం."

చుట్ట ఎక్కించి పెడళ్ళు తొక్కాను. మధ్యలో వరుసగా ఐదు మెట్లు పలకలేదు. మిగతావి మాత్రం మోగాయి. ఆ చప్పుడు విని ఆవిడ చాయ్ కప్పులతో వచ్చింది. మొదట సంతోషపడింది, తర్వాత నా ముఖం చూసింది.

"క్యా హువా, భాయ్?"

నాకు తెలిసిన హిందీలో చెప్పాను: తోలు చిరిగింది, చింపింది నేనే.

"ఎన్ని?" అని అడిగింది.

"ఇప్పటికి ఐదు."

"ఇప్పటికి అంటే?"

గాలిని పట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పాను, మిగతా తోళ్ళు కూడా దెబ్బతిని ఉండొచ్చు. ఆ మాట దాచేద్దామనే అనుకున్నాను. అయినా చెప్పాను.

ఆవిడ కప్పులు కింద పెట్టి కొడుక్కి ఫోన్ చేసింది. ఈ శనివారం కాదు, వచ్చే శనివారం రమ్మంది. ఫోన్ పెట్టేసి కుర్చీ నా పక్కకు లాక్కుంది.

"అన్నీ విప్పు. నేను చూస్తుంటాను."

మెట్టుకొకటి చొప్పున ఎనభై ఎనిమిది తోళ్ళు. మొదటి స్క్రూ పట్టు వదలడానికి చాలాసేపు పట్టింది.