పసుపు పెట్టిన కవచం

మా అమ్మాయి ఇంట్లో ఉంటే రేడియో అక్కర్లేదు. నిద్ర లేచిన దగ్గర్నుంచీ గోడ మీది బల్లి గురించి, పక్కింటివాళ్ళ కుక్క గురించి, వాళ్ళ నాన్న గురక గురించి చెబుతూనే ఉంటుంది. బడి గేటు దాటిందంటే మాత్రం నోట్లోంచి ఒక్క మాట రాదు. ఎల్.కె.జి. అంతా అలాగే గడిచింది. యు.కె.జి. కూడా. ఒకటో తరగతికి వచ్చాక టీచరు హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తుతోంది. దాన్నే ప్రోగ్రెస్ కార్డులో "ఇంప్రూవ్‌మెంట్" అని రాశారు.

మాట్లాడకపోతే పోనీ, అవసరానికి మించి మాట్లాడేవాళ్ళు మా ఇంట్లో ఎలాగూ ఉన్నారు. అయితే మాట్లాడని పిల్ల బాత్రూముకు వెళ్తానని కూడా అడగదు. అడగాల్సి వస్తుందని మంచినీళ్ళు తాగదు. పొద్దున్న నింపి ఇచ్చిన సీసా సాయంత్రం అదే బరువుతో తిరిగొస్తుంది. గేటు దగ్గర నన్ను చూడగానే కాళ్ళు దగ్గరగా పెట్టుకుని ఆటో ఎక్కుతుంది. వణుకుతో జ్వరం వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చింది. పిల్లల డాక్టరు గారు పరీక్షలు చేయించి, "ఆపుకోనివ్వకండమ్మా. కిడ్నీల దాకా వెళ్తుంది," అన్నారు. అది విన్న రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదు. అందరూ పడుకున్నాక ఇలా కూర్చుని రాసుకునే అలవాటు అప్పుడే మొదలైంది.

టీచరుకు చెప్పాను. మంచి మనిషే. "అడిగితే తప్పకుండా పంపిస్తాం మేడమ్. అడగాలి కదా," అంది. అడగనివాళ్ళను కూడా పంపితే క్లాసులో డిసిప్లిన్ పోతుందట.

ఇలా ఉండగా స్కూలు వార్షికోత్సవం వచ్చింది. ప్రతి పిల్లా ఒక సినిమా పాత్ర వేషం వేసుకుని రావాలి, మైకులో ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పాలి. అమ్మల వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే యుద్ధ సన్నాహాలు మొదలయ్యాయి. రాణులు నలుగురు తేలారు. పోలీసు అధికారులైతే ఒక స్టేషనుకు సరిపడా తేలారు. విశాఖపట్నంలో కిరీటాలు అద్దెకిచ్చే షాపు ఎక్కడుందో ఒకావిడ తనకే తెలుసంది గానీ, అడ్రసు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మాయికి రాణి వద్దట. అది రోజూ చూసే ఒక అంతరిక్షం కార్టూన్ సినిమాలో తెల్లటి కవచం తొడుక్కుని తలుపు దగ్గర కాపలా కాసే సైనికురాలు ఉంటుంది. ముఖం కనబడదు. సినిమా మొత్తంలో ఒక్క మాట మాట్లాడదు. హీరో వస్తే తలుపు తీస్తుంది, వెళ్తే వేస్తుంది.

"నాను కాపలా పిల్లని," అంది మా అమ్మాయి.

"మాటలు లేవు కదమ్మా ఆ పిల్లకి?"

"అందుకే."

ఇంకో వేషం చూద్దామన్నాను నేను. మా ఆయనకు మాత్రం ఎక్కడలేని హుషారూ వచ్చేసింది.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. అతను గీసిన కాగితం మీద వంటగది ఉన్నచోట కట్టాక మెట్లు రావడం శ్రీకాకుళంలో చాలామందికి అనుభవమే. "కొద్దిగా అటూ ఇటూ అవుతాది, ఇల్లన్నాక," అంటాడు ఇంటివాళ్ళతో. అలాంటి మనిషి ఈ కవచం విషయంలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోలేదు. సినిమాలో ఆ పిల్ల కనబడిన ప్రతిచోటా టీవీ ఆపి, తెర మీద స్కేలు పెట్టి కొలిచాడు. భుజం మీది పలక ఇంత, మోకాలి చిప్ప అంత అని లెక్కలు వేశాడు. వారం రోజులు మా ఇంట్లో ఎవరూ వార్తలు చూడలేదు. మా అత్త సీరియల్‌లో ఎవరు ఎవరికి విషం పెట్టారో ఇప్పటికీ ఆవిడకు తెలియదు.

యోగా చాపలాంటి మందపాటి ఫోమ్ షీట్లు తెచ్చాడు. కత్తిరించి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి వంచి, జిగురు తుపాకీతో అతికించాడు. పెళ్ళిలో మా నాన్న కొనిచ్చిన హెయిర్ డ్రయర్ మొదటిసారి ఒక పనికొచ్చింది. తెల్ల స్ప్రే పెయింట్ కొట్టాక నిజంగానే తెరలోంచి దిగొచ్చినట్టు ఉందని ఒప్పుకోవాలి. చూడ్డానికి.

తొడుక్కోవడానికి మాత్రం అది ఒక చిన్న గోదాములా ఉంది. చెయ్యి పైకెత్తితే మెడకు తగిలింది. కూర్చుంటే తొడ పలకలు పొట్టలోకి పొడిచాయి. హెల్మెట్‌లో ఊపిరి ఆవిరై కళ్ళ ముందు నల్ల అద్దం మసకబారింది.

"సినిమాలో ఆ పిల్ల కూర్చోదు గదే," అన్నాడు బావ.

"మన పిల్ల కూకుంటాది. సెమట్లు పడతాది. ముక్కు కారతాది కూడా."

అక్కణ్ణుంచి పని రెండు శాఖలుగా చీలింది. బయట కనబడేది బావది, లోపల పిల్లకు తగిలేది నాది. నా పాత వాయిలు చీర చింపి లోపలంతా అస్తరు వేశాను. తొడ పలకలు అతుకు విప్పి, నడుం పట్టీకి ఎలాస్టిక్‌తో వేలాడదీశాను. కూర్చుంటే అవే పైకి లేస్తాయి. హెల్మెట్ లోపల చేతి ఫ్యాను మోటారు బిగించి, నోటి దగ్గర జాలీ వెనక నుంచి గాలి వచ్చేలా చేశాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి ఏం చేస్తున్నావని అడిగే బంధువులకు ఇప్పుడు నా దగ్గర జవాబుంది.

నా అసలు పని వెనకవైపు. ముందు భాగం, వెనక భాగం పక్కల క్లిప్పులతో కలుస్తాయి. బాత్రూముకు వెళ్ళడానికి అవి విప్పాలంటే ఇంకొకళ్ళ చెయ్యి పడాలి. చెయ్యి పడాలంటే నోరు తెరిచి అడగాలి. అందుకని నడుం కింద వెనకాల ఒక మూత కోసి, వెల్‌క్రో పట్టీలు కుట్టాను. చెయ్యి వెనక్కి పెట్టి లాగితే ఫర్రుమని ఊడొస్తుంది. ఎవర్నీ పిలవక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. రోజూ సాయంత్రం దాని చేత లాగించి ప్రాక్టీసు చేయించాను.

బావకు ఆ మూత నచ్చలేదు. "ఎనక గీత కనబడతన్నాది. సినిమాలో అక్కడ గీత నేదు."

"సినిమాలో ఆ పిల్లకి ఒంటేలు రాదు బావా. మన పిల్లకి వస్తాది."

ఆ గీతను చూసినప్పుడల్లా పంటి కింద రాయి పడ్డట్టు ముఖం పెట్టేవాడు.

వార్షికోత్సవం ముందు రోజు సాయంత్రం కవచాన్ని హాల్లో కుర్చీకి తొడిగి, పిల్లను తీసుకుని నల్ల మేజోళ్ళు కొనడానికి బజారుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా అత్త పూజ ముగించుకుని తృప్తిగా కూర్చుని ఉంది. కవచానికి మెడ దగ్గర, మణికట్ల దగ్గర పసుపు మచ్చలు.

"ఏటత్తా ఇది?"

"ఏటేటి? కొత్తబట్టకి పసుపెట్టకుండా తొడిగీస్తారేటి? మీరు సదువుకున్నోల్లు, మర్సిపోతారని నానే ఎట్టినాను. అంచుకెట్టాలి గదా, దీనికి అంచెక్కడుందో దొరికి సావదు. ఎనకాతల ఒక అంచు దొరికినాది. అక్కడ గట్టిగా ఎట్టినాను."

కవచం మొత్తానికి బట్టలాగా అంచున్నది నా మూతకొక్కదానికే. దాని చుట్టూ పసుపు ముద్ద చక్కగా అద్ది ఉంది.

బావ వచ్చి చూశాడు. తల్లిని ఏమీ అనలేక తడిగుడ్డ పెట్టి తుడిచాడు. రూపాయంత మచ్చ అరచేయంత అయింది. సబ్బు పెట్టి రుద్దాడు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఈ ఇంట్లో ముగ్గురికీ తెలుసు, పారాణి చూడనివాళ్ళం కాదు. కంగారులో ఎవరికీ గుర్తు రాలేదు. తెల్ల కవచం వెనకాల నెత్తుటి చారలు తేలాయి.

"యుద్దంలో దెబ్బ తగిలినాదని సెప్పుకోవచ్చులే," అన్నాను.

"ఆ పిల్లకి సినిమాలో దెబ్బ తగల్లేదు," అన్నాడు ఏడుపు గొంతుతో.

నేను వంటలో పడ్డాను. తెల్లారి లేచేసరికి కవచం మళ్ళీ మల్లెపువ్వులా మెరుస్తోంది. మిగిలిన పెయింటంతా కొట్టేశాడట. హడావుడిలో పక్క క్లిప్పులు బిగించి పిల్లకు తొడిగేశాను. వెనక మూత ఉందన్న ధైర్యంతో, దగ్గరుండి రెండు గ్లాసుల నీళ్ళు తాగించాను కూడా. "తాగు తల్లీ, ఏం భయంలేదు. వస్తే నువ్వే లాక్కోవచ్చు కదా."

ఆటో అతను పిల్లను చూసి, "ఓలమ్మో, ఫ్రిజ్జెక్కిస్తన్నారేటి?" అన్నాడు.

"నాను ఫ్రిజ్జు కాదు, కాపలా," అని హెల్మెట్‌లోంచి జవాబు వచ్చింది. ఫంక్షన్ హాలు చేరేదాకా అతనితో తన ఆయుధాల గురించి చెబుతూనే ఉంది. మెట్ల దగ్గర టీచరు కనబడగానే మాట ఆగిపోయింది. పిల్లల్ని స్టేజీ వెనక్కి తీసుకుపోయారు. తల్లిదండ్రులకు అటు ప్రవేశం లేదు.

ముఖ్య అతిథి క్రమశిక్షణ గురించి మాట్లాడారు. తర్వాత సమయపాలన గురించి మాట్లాడారు. సమయపాలన గురించి ఆయన చెప్పాల్సింది చాలా ఉంది. నేను కుర్చీలో కదులుతుంటే బావ నా చెవి దగ్గరకొచ్చి గర్వంగా అన్నాడు:

"ఇప్పుడు సూడు ఎనకనించి. గీత కనబడదు. ఆ ఎల్‌క్రో సందులో పుట్టీ ఎట్టి, మీద రెండు పూతలేసీసినాను."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"బావా, అదెలగ ఊడతాది?"

"ఏల ఊడాలి?" అన్నాడు. అన్నాక అతనికీ అర్థమైంది.

స్టేజీ వెనక్కి పరిగెత్తబోతే గుమ్మం దగ్గర వాలంటీరు ఆపింది. "ప్లీజ్ మేడమ్, ప్రతి పేరెంటూ ఇలాగే వస్తే ఎలా?" అప్పటికే రాణులు వరసగా తమ రాజ్యాల గురించి చెబుతున్నారు. లోపల నా బిడ్డ ఊడని మూతను లాగుతూ ఉంటుంది. ఎవరికీ చెప్పదు. ఆపుకుంటుంది. లేదా ఆపుకోలేక ఆ కవచంలోనే, అంతమంది ముందు. ఆ తర్వాత ఇక ఎప్పటికీ నోరు తెరవదు. నాలుగో వరసలో మా అత్త పక్కన వచ్చి కూలబడ్డాను.

తెర తీశారు. తెల్ల కవచం నడుచుకుంటూ మధ్యలోకి వచ్చి నిలబడింది. హాలంతా "అబ్బో!" అంది. టీచరు పిల్ల చేతికి మైకిచ్చి పక్కకు తప్పుకుంది. మైకులో హెల్మెట్ ఫ్యాను గుర్రుమని తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కాపలా సైనికురాలు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారింది. మళ్ళీ మారింది.

"సినిమాలో కూడా ఇలగే నిలబడతాది," అని బావ నెమ్మదిగా అన్నాడు, ఎవరినో బతిమాలుకుంటున్నట్టు.

అప్పుడు స్పీకర్లలోంచి మా ఇంటి గొంతు వచ్చింది.

"టీచర్. ఒంటేలుకెల్లాల."

హాలంతా గొల్లున నవ్వింది. టీచరు వంగి నవ్వు మొహంతో, "అలా కాదు నాన్నా. మే ఐ గో అని ఇంగ్లీషులో అడగాలి కదా," అంది. రెండేళ్ళకు పైగా నోరు విప్పని పిల్ల నోరు విప్పితే ఆవిడకు ముందుగా భాష గుర్తొచ్చింది.

"ఇంగ్లీసులో అడిగినా ఒంటేలే. బేగి ఇప్పు టీచర్."

టీచరు చెయ్యి పట్టుకుని గబగబా లోపలికి తీసుకుపోయింది. మైకు మాత్రం పిల్ల చేతిలోనే ఉండిపోయింది. నేను లేచాను. మా అత్త నా కొంగు పట్టుకుని కిందికి లాగింది.

"కూకో. మన గుంట మాటాడతన్నాది."

హాలు మొత్తానికీ వినబడుతోంది.

"అక్కడ కాదు టీచర్, ఎనకాతల. నాయనమ్మ పసుపెట్టీసినాది. నాన్న రంగేసీసినాడు. అమ్మేమో నీల్లు తాగించీసినాది. అలగ కాదు, గోరెట్టి లాగు. నీకు బలం నేదేటి?"

ఫోమ్ చిరిగిన చప్పుడు స్పీకర్లలో పిడుగులా పడింది. బావ కళ్ళు మూసుకున్నాడు. మైకు అతను నవ్వుతూ మీటల మీద చెయ్యి వేశాడు.

"ఆపొద్దు!" అని అరిచాను. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని నన్ను నాలుగు వరసలవాళ్ళు తిరిగి చూశారు. అతను చెయ్యి తీసేశాడు.

ఆ తర్వాత వినబడినదాన్ని ముఖ్య అతిథి గారు సీలింగు వైపు చూస్తూ విన్నారు. చాలాసేపు వినబడింది. అదంతా అయిపోయాక అదే గొంతు, ఏ తొందరా లేకుండా, ఇంట్లో నన్ను అడిగినట్టే అడిగింది:

"టీచర్, మంచినీల్లున్నాయేటి? దాహమేస్తన్నాది."