లోటు కనబడనివ్వని మనిషిని

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. చుట్టాలొచ్చినప్పుడు అన్నం చాలకపోతే పెద్దవాళ్లు "మేము అప్పుడే తినేసినాం" అంటారు. మా తాతయ్యైతే లేని త్రేన్పు కూడా ఒకటి తెచ్చుకునేవాడు. మా వాళ్లు కోయంబత్తూరు వైపు వచ్చి ఎన్ని తరాలైందో ఎవరికీ సరిగ్గా తెలీదు గానీ, ఇంట్లో లోటు బయటివాళ్లకు తెలియకూడదన్న పట్టుదలను మాత్రం దారిలో పారేసుకోలేదు. నేను దాన్ని అంతర్జాతీయ స్థాయికి తీసుకెళ్లాను.

తిరుప్పూరులో మాకో చిన్న బనియన్ కంపెనీ ఉంది. బట్ట అల్లే మిషన్లు నావి, వాటిని నడిపే ఓపిక మా చెల్లెలిది. విదేశం నుంచి తెప్పించిన కంప్యూటరు మిషన్ ఒకటి ఆగిపోయి, బాగుచేసేవాళ్లు దొరక్క మూలపడింది. ఆ పని తనే నేర్చుకోవాలని చెల్లెలి పంతం. దగ్గర్లో నేర్పేవాళ్లు లేరు. పిల్లల్ని వదిలి దూరం పోలేదు.

అలాంటప్పుడు ఒక యూరప్ దేశమూ మన ప్రభుత్వమూ కలిసి శిక్షణ కేంద్రం పెడతాయని, తిరుప్పూరులోనా దిండిగల్‌లోనా అని తేల్చడానికి ఒక బృందం వస్తోందని తెలిసింది. ఆవిష్కరణల విధానం, సామర్థ్యాల పెంపు, పరస్పర సహకారం అని బ్యానర్ మీద ఏవేవో రాశారు. నాకు అర్థమైంది ఒక్కటే, మనకు రాని మిషన్ పని నేర్పిస్తారు. చిన్న కంపెనీల సంఘానికి అప్పుడు నేనే కార్యదర్శిని, వేరెవరూ ఒప్పుకోలేదు గనక. అందుకని చూడటానికి మా కంపెనీకే వస్తామన్నారు. చెల్లెలు ఆ వారమంతా కూనిరాగాలు తీస్తూనే ఉంది.

నేనేమో పెళ్లిచూపుల హడావుడిలో పడ్డాను. గోడలకు సున్నం వేయించాను. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురం నుంచి మిఠాయి తెప్పించాను. ఆగిపోయిన మిషన్‌ను తుడిపించి, పసుపు కుంకుమ పెట్టించి, పూలమాల వేయించాను. ఎవరైనా అడిగితే పూజ కోసం ఆపామని చెప్పొచ్చుగా. వచ్చినవాళ్లు దాని పక్కనే నిలబడి ఫొటోలు తీసుకున్నారు.

అరిటాకు భోజనం సగంలో ఉండగా ఆ బృందానికి పెద్దావిడ ఏదో అడిగింది. వాళ్ల వెంట వచ్చిన మన ప్రభుత్వ అధికారి అరవంలోకి మార్చి చెప్పాడు. "మీకు రానిదేమిటి? ఏం నేర్చుకోవాలనుంది?"

ఆకు ముందు కూర్చున్న అతిథికి మాకు ఫలానాది రాదని చెప్పడమా! "ఏ కొరతా లేదు, అంతా దివ్యంగా నడుస్తోంది" అన్నాను. సంఘం వాళ్లంతా తలలూపారు. చెల్లెలు ముందుకొచ్చి "లేదు సార్, ఆ మిషను..." అంటుండగానే "పాయసం తేమ్మా" అన్నాను. తెచ్చింది. ఆ పెద్దావిడ మారు వేయించుకుంది. నేను పొంగిపోయాను.

దిండిగల్‌లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. అక్కడి తాళాలవాళ్లూ తోళ్లవాళ్లూ చెడిపోయిన సామానంతా బల్ల మీద కుప్పపోసి, ఇది రాదు, అది రాదు అని మధ్యాహ్నందాకా మొత్తుకున్నారట. పెట్టింది బిరియానీ పొట్లాలేనట. కేంద్రం వాళ్లకే వచ్చింది. మాకు మాత్రం ఒక మెచ్చుకోలు ఫోను వచ్చింది. ఇంత సమర్థులను ఎక్కడా చూడలేదట, వాళ్ల సలహా మండలిలో నేనుండాలట. ఫోను పెట్టేసి చెల్లెలి వైపు కాస్త గర్వంగానే తిరిగాను, నా బుద్ధి అలాంటిది.

"మన మరియాద బాగా కాపాడినావు అన్నా," అంది. "ఇంక నేనేమి చేసేది?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చివరికి తనే తేల్చుకుంది. కేంద్రం తెరవగానే అక్కడ చేరడం, వారమంతా దిండిగల్ హాస్టల్లో, ఆదివారం ఇంట్లో. పిల్లలు మా దగ్గర.

బస్టాండులో చిన్నమ్మాయి ఏడుస్తూ వాళ్లమ్మ కొంగు వదలనంది. ఎలాగో విడిపించి ఎత్తుకున్నాను. చెల్లెలు బస్సెక్కి కిటికీలోంచి వంగింది.

"ఆడ అడిగితే మాకు రాదని నిజం చెప్పొచ్చునా అన్నా? లేకుంటే ఆడ గూడా మరియాద కాపాడాల్నా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"చెప్పు మా," అన్నాను. "పోతూనే మొదట అదే చెప్పు."

బస్సు కదిలింది. కాసేపటికి పిల్ల ఊరుకుంది. నేనే ఊరుకోలేకపోయాను.