ఎడమవైపు గీత

దయ్యాలంటే నాకు భయం లేదు, ఒళ్లు మంట. చోడవరంలో రేడియోలు రిపేరు చేసుకుని బతికినవాణ్ణి. పలకని రేడియోలో దయ్యం దూరిందని మోసుకొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. విప్పి చూస్తే లోపల బల్లి చచ్చి ఉండేది. కరెంటు అందితే పలుకుతుంది, అందకపోతే పలకదు. ఇంతకు మించి నేను దేన్నీ నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా నమ్మి చెప్పడం లేదు. చూసేను కాబట్టి చెప్తున్నాను.

డెబ్బైల చివరి మాట. మా అన్న సూర్యారావు సరుకు ఓడలో ఎలక్ట్రీషియన్. సెలవుకి ఇంటికొస్తూ ఒక చిన్న టీవీ, దానికి తగిలించే ఆటపెట్టె తెచ్చేడు. అప్పటికి విశాఖలోనే టీవీ స్టేషన్ లేదు. మా ఊళ్లో టీవీని కళ్లతో చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు! మా ఇంట్లో దానికి ఆ ఆట తప్ప వేరే పని లేదు.

ఇప్పటి పిల్లలు సెల్‌ఫోన్లో యుద్ధాలు చేసేస్తున్నారు. వాళ్లకి ఇది చెప్తే నవ్వుతారు. నల్లటి తెర మీద ఎడమవైపొక తెల్ల గీత, కుడివైపొక తెల్ల గీత, మధ్యలో ఒక చుక్క. గీతలు బ్యాట్లు, చుక్క బంతి. ఇద్దరూ చెరొక చిన్న డబ్బా పట్టుకుని, దాని మీది నాబ్ తిప్పితే గీత పైకీ కిందకీ కదులుతుంది. బంతి తగిలితే టక్కుమంటుంది. వదిలేస్తే అవతలివాళ్లకి పాయింటు. ఎవరికైనా పదిహేను వస్తే ఆట అయిపోతుంది. అంతే. దానికే వీధి వీధంతా మా గుమ్మంలో ఉండేది.

అందరికంటే ఎక్కువ పిచ్చి పట్టింది మా అమ్మకి. అన్న మళ్లీ ఓడెక్కడానికి వెళ్తూ ఆవిణ్ణి ఆటపట్టించేడు.

"అమా, ఎడమేపు గీత నాదే. మజ్జానం మూడింటికి నాను ఓడలో కూకోని తిప్పుతాను. నువ్విక్కడ ఆడు."

టీవీ అంటే ఎక్కడో జరిగేది ఇక్కడ కనబడడం అని అమ్మ ఎవరి దగ్గరో వింది. నమ్మేసింది. రోజూ మూడింటికి చేతిలో పని పక్కన పడేసి, కాళ్లూ చేతులూ కడుక్కుని టీవీ ముందు కూర్చునేది. ఎడమ డబ్బా నేల మీద ఊరికే పడుండేది. అమ్మకి పదిహేను, అన్నకి సున్నా. నీ కొడుక్కి ఆట రాదే అని నేను ఏడిపించేవాణ్ణి. డ్యూటీలో ఉన్నాడేమోరా అనేది.

ఆర్నెల్లకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నడిసముద్రంలో ఒక ఉదయం అన్న ఓడలో కనిపించలేదట. వెతికేరట, దొరకలేదట. ఆశ పెట్టుకోవద్దని రాసేరు. నేను షాపులోనే కూలబడి ఏడ్చేను.

అమ్మ మాత్రం ఏడవలేదు. "నిన్న కూడా ఆడేడురా. గీత కదిలింది" అంది. నిజమే, గీత అప్పుడప్పుడు వణికేది. ఆ డబ్బాలో ఉండేది రేడియో వాల్యూమ్ కంట్రోల్ లాంటిదే. దుమ్ము పడితే అలాగే చేస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

వదినకి అప్పటికి ఇరవై రెండేళ్లు. పిల్లల్లేరు. ఏడాది చూసి, వాళ్ల నాన్న రావికమతం నుంచి వచ్చేడు. శవం దొరకనివాళ్లకి దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి, కర్మ జరిపిస్తారు. అది కానిస్తే తన కూతుర్ని తీసుకెళ్లి మారుమనువు చేస్తానన్నాడు. మాలో అది తప్పు కాదు. ఆయన అడిగినదాంట్లో అన్యాయమూ లేదు. అమ్మ ఒప్పుకోలేదు. అత్త ఒప్పుకోకుండా గాజులు తియ్యనని వదిన మొండికేసింది. అమ్మ భ్రమ పోగొడితే తప్ప ఆ పిల్లకి బతుకు లేదనిపించింది. వైర్లూ నాబ్‌లూ నాకు తెలిసిన విద్యే కదా, ఆ పని నేనే చేస్తాననుకున్నాను.

కర్మకి రోజు పెట్టించేను. ఆ మధ్యాహ్నం పంతులు గారు అరుగు మీద కూర్చుని దర్భలు కడుతున్నారు, పక్కనే వదిన నాన్న ఉన్నాడు. మూడయింది. అమ్మ టీవీ ముందు కూర్చుంది. నేను ఎడమ డబ్బా వైరుని పెట్టెలోంచి పీకేసేను. పీకితే గీత అడుక్కి దిగిపోయి అక్కడే ఉండిపోతుందని ముందు రోజే చూసి పెట్టుకున్నాను. డబ్బాని వైరుతో సహా చేత్తో పట్టుకున్నాను.

"సూడమ్మా, ఇంక గీత కదలదు. అన్న పోనాడు. ఒప్పుకో."

వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది. గీత అడుగునే ఉంది. అమ్మకి వరసగా ఐదు పాయింట్లు వచ్చేయి. ఆవిడ మొహం చూస్తే జాలేసింది, కానీ నేను చెప్పిందే నిజమైందని లోపల్లోపల గర్వపడ్డాను కూడా.

ఆరో బంతికి గీత లేచింది.

వణకడం కాదు. మనిషి తిప్పినట్టే నెమ్మదిగా పైకొచ్చి బంతికి అడ్డంగా నిలబడింది. టక్. అమ్మ తిప్పి కొట్టింది. మళ్లీ టక్. పెట్టె వెనక్కి చెయ్యి పెట్టి తడిమేను. వైరు గుచ్చే కన్నం ఖాళీగా ఉంది. వైరు నా రెండో చేతిలో ఉంది. స్విచ్చి ఆపేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.

"ఒరే, ఈయేల గట్టిగా ఆడతన్నాడ్రా!" అని అమ్మ నవ్వుతోంది.

పట్టపగలు, తలుపులు తీసి ఉన్నాయి, నేను పూర్తి తెలివిలో ఉన్నాను. ఎంతసేపు ఆడేరో చెప్పలేను గానీ పాయింట్లు మాత్రం గుర్తున్నాయి. ఇటు పద్నాలుగు, అటు పద్నాలుగు. చివరి బంతి సరిగ్గా ఎడమ గీతకి ఎదురుగా వచ్చింది. తగలబోయే ముందు గీత కిందకి తప్పుకుంది. అమ్మ గెలిచింది.

సెలవుల్లో అమ్మతో ఆడినప్పుడల్లా అన్న పద్నాలుగు దగ్గర అలాగే తప్పుకునేవాడు, ఆవిడ గెలవాలని. ఆ సంగతి నాకూ వదినకీ మాత్రమే తెలుసు. వెనక్కి చూస్తే వదిన గడప మీద కూలబడి ఉంది.

నేను అరుగు మీదకి వెళ్లి, వద్దండి పంతులు గారూ, లేవండి అన్నాను. వదిన నాన్న నా చొక్కా పట్టుకున్నాడు.

"ఏటయ్యా ఇది? నా కూతురు, ఈ గుంట బతుకేటవాలి?"

సాయంత్రం బస్సుకి ఆయన ఒక్కడే వెళ్లిపోయేడు. వదిన కదల్లేదు.

ఆ పెట్టెని ఎన్నిసార్లు విప్పేనో లెక్కలేదు. వైరు పీకితే గీత ప్రతిసారీ అడుక్కే పోయింది, మళ్లీ ఎప్పుడూ లేవలేదు. విశాఖలో నాకు పని నేర్పిన మేస్త్రీకి చూపిస్తే లోపమేమీ లేదన్నాడు. అమ్మ పోయేవరకూ రోజూ ఆడుతూనే ఉంది, పదిహేను సున్నా.

అన్న రాలేదు. వదిన గాజులతో, బొట్టుతో మా ఇంట్లోనే ముసలిదైపోయింది. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఆవిడకో మొగుడూ పిల్లలూ ఉండేవారు. ఆ మాట ఆవిడ ఒక్కనాడూ అనలేదు. ఆఖరి రోజుల్లో మంచం మీంచి నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"బాబూ, ఆరోజు వైరు నిజంగా పీకేవా?"

పీకేనని చెప్పేను. ఆవిడ తలూపి కళ్లు మూసుకుంది. పీకేను, అది నిజం. ఆ తర్వాత జరిగిందేమిటో నాకు ఈ రోజుకీ తెలీదు.