అమావాస్యకు ఆపిన సర్వరు

ధర్మవరంలో మా చేనేత సంఘం ఆఫీసులో ఒక సర్వరు ఉంది. పెద్ద యంత్రమేమీ కాదు, బల్ల కింద ఎప్పుడూ నడుస్తూ ఉండే కంప్యూటరు. మా చీరల డిజైన్లన్నీ దాంట్లోనే ఉంటాయి. నేతగాళ్ళు పెన్ డ్రైవ్‌లో డిజైను తీసుకుపోయి, మగ్గం మీద డిజైను ప్రకారం పోగులు ఎత్తే జకార్డు పెట్టెకు తగిలించి నేస్తారు. పని కాగానే పెన్ డ్రైవ్ తిరిగి ఇచ్చేయాలి. లేకుంటే వారం తిరక్కముందే ఊరంతా అదే చీర.

ఆ సర్వరును చూసుకునే పని నాది. ఈ విద్య నేను కాలేజీలో నేర్చుకోలేదు. శాఖా గ్రంథాలయంలో అద్దాల బీరువా ఒకటి ఉండేది. అందులోని కంప్యూటరు పుస్తకాలు అడిగితే, అవి నీకు అర్థం కావు, పేపరు చదువుకుని పో అని లైబ్రేరియన్ తాళం తీయలేదు. రోజూ పోయి అడిగాను. చివరికి విసుగొచ్చి తీశాడు. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పుస్తకాన్నీ అట్ట ఊడేదాకా చదివాను. ఆ సంగతి ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను.

నేను లేనప్పుడు సర్వరును చూసేది, మా ఆఫీసులో డిజైన్లు గీసే అక్క. ఆమె కోసం కంప్యూటరులో ఒక పేజీ తయారు చేశాను. నేర్చుకున్నదంతా అందులో పెట్టాను. సర్వరు లోపల జరిగే ప్రతి పనికీ ఒక వరస, ముందు పచ్చదీపం, చివర ‘ఆపు’ బటన్. మగ్గాలకు డిజైన్లు ఇచ్చేది, ప్రింటరుకు పంపేది, రోజూ అన్నిటికీ నకలు తీసి రెండో డిస్కులో దాచేది, ఇంకా ఆమెకు ఎన్నడూ పనిపడనివి బోలెడు. వరసల పేర్లు పుస్తకంలో ఉన్నట్టే ఇంగ్లీషులో ఉంచాను. అక్క చూసి, “ఇదేందప్పా, తిరునాళ్ళలో సీరియల్ లైట్ల మాదిరి ఉండాది” అంది. మెచ్చుకుందనుకున్నాను.

తర్వాత వేరే పని దొరికి కొన్నాళ్ళు గోరంట్లలో ఉన్నాను. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక సర్వరు లేవడం లేదని అక్క ఫోన్ చేసింది. వచ్చి చూస్తే డిస్కు చెడిపోయింది. కంగారేమీ పడలేదు, నకలు ఉంది కదా. రెండో డిస్కు తగిలించాను. పాత డిజైన్లన్నీ వచ్చాయి. మొన్నటి అమావాస్య తర్వాత గీసినవి మాత్రం ఒక్కటీ లేవు.

అప్పటికే ఒక నేతగాడు వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒకే పందిట్లో పెళ్ళవుతున్న అక్కచెల్లెళ్ళకు రెండు చీరలు నేస్తున్నాడు. రెండింటికీ ఒకేలాంటి కొంగు కావాలి. మొదటి చీర అయింది, రెండోదానికి కొంగు ఒక్కటే మిగిలింది. ఆ కొంగు డిజైను అమావాస్య తర్వాత గీసినదే. మొదటి కొంగు కాగానే పెన్ డ్రైవ్ తిరిగి ఇచ్చేశాడు, అందులో ఇప్పుడు వేరే డిజైను ఉంది.

“పెండ్లోళ్ళకు ఏం చెప్పల్ల? కంప్యూటరుకు జొరమొచ్చిందనా?” అన్నాడు.

నకలు ఎందుకు ఆగిందో అక్కనే అడిగాను. మా ఊళ్ళో అమావాస్య నాడు మగ్గం ఆడదు. తుడిచి, బొట్టు పెట్టి, ముట్టకుండా వదిలేస్తారు. అక్క పుట్టింది నేతగాళ్ళ ఇంట్లో.

“పచ్చగా ఎలుగుతా ఉండినవన్నీ ఆపేసినాను. మగ్గాలు నిల్చినప్పుడు ఇది మాత్రం ఆడొచ్చునా? మర్నాడు నాకు తెలిసినవి రెండూ పెట్టినాను. తక్కినవి ఏంటివో నువ్వు చెప్తివా?”

చెప్పలేదు. ఆమె నేతగాడి వైపు తిరిగి, మొదటి చీర మగ్గం మీంచి కోసినావా అని అడిగింది. ఇంకా కోయలేదు. మగ్గానికి ముందు, నేసిన బట్ట చుట్టుకునే కర్ర మీదే ఉంది. దాన్ని విప్పితే పడుగు బిగువు సడలుతుందని అతను చాలాసేపు ఒప్పుకోలేదు. ఇంకో దారి లేక విప్పాడు. అక్క భూతద్దం పెట్టి, పోగులు లెక్కపెట్టుకుంటూ ఆ కొంగును మళ్ళీ గీసింది. అది అయ్యేదాకా మగ్గం నిలిచిపోయింది. చీర పెళ్ళికి ముందురోజు చేరింది. రెండు కొంగులూ పక్కపక్కన పరిచి చూస్తే నాకు తేడా తెలియలేదు. అక్క మాత్రం రెండోదాంట్లో హంస మెడ లావైందంటుంది.

ఆ తర్వాత పేజీ మార్చాను. ముందు రెండే బటన్లు: ‘అమావాస్య’, ‘మళ్ళీ నడుపు’. వాటి కింద, చివరి నకలు ఎప్పుడు తీసిందో చెప్పే ఒక్క వాక్యం. ‘అమావాస్య’ నొక్కితే తక్కినవన్నీ ఆగుతాయి, నకలు తీసేది మాత్రం ఆగదు; దానికి అక్క ఏమంటుందోనని భయపడ్డాను. మగ్గం ఆడగూడదు గాని దాచిపెట్టుకునేదానికి అమావాస్య ఏముండాది అని తేల్చేసింది. తక్కిన వరసలన్నీ వెనక పేజీలోకి నెట్టి పాస్‌వర్డ్ పెట్టాను. అది నా ఒక్కడికే తెలుసు.

అక్క ఆ వెనక పేజీ నొక్కి చూసింది.

“ఈ బీగం ఎవురికప్పా, నాకా? నువ్వు గోరంట్లలో కూచోనుంటే నేను యాడికి పోయి అడగల్ల? మూత పెట్టు, వద్దనను. బీగం తీసెయ్.”

నాకు గ్రంథాలయంలో బీరువా ముందు నిలబడ్డ రోజులు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ తీసేశాను. ఒక్కో వరస పక్కన అదేం చేస్తుందో, ఆపితే ఏం ఆగుతుందో తెలుగులో రాశాను.

తర్వాతి అమావాస్యకు నేను ఆఫీసులోనే ఉన్నాను. అక్క ముందు పేజీలో బటన్ నొక్కింది. తర్వాత వెనక పేజీ తెరిచి, ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. ఏదీ ముట్టుకోలేదు. మూసేసి, మానిటరుకు బొట్టు పెట్టింది.