మంట రంగు

మాది పత్తికొండ దగ్గర పల్లె. మా ఇంట్లో నూలుకు రంగు వేసేవారు. వాకిట్లో ఒక పక్క ఎరుపు కాగు, ఇంకో పక్క నీలి కాగు ఉండేవి. నీలి కాగు పులిసి కంపు కొట్టేది. పసుపు పట్టించిన నూలును అందులో ముంచితేనే ఆకుపచ్చ తేలేది కాబట్టి దానికీ అదే కంపు. ఏ కట్ట ఎర్రదో, ఏది ఆకుపచ్చో నేను ముక్కుతో చెప్పేవాణ్ణి. లోకమంతా అట్లాగే చెబుతుందనుకున్నాను. ఉతికి ఆరేసి కంపు పోయిన నూలు మడవమంటే మాత్రం రెండూ కలిపేసేవాణ్ణి. పని మీద బుద్ధి లేదని నాన్న వీపు చీరేవాడు. అమ్మ అడ్డమొచ్చి, నన్ను చదువుకు పంపాల్సిందేనని పట్టుబట్టింది.

తర్వాత ఓడల మీద సీమ రంగుపొడి వచ్చి మా కాగులు మూలపడ్డాయి. ఇంటర్మీడియట్ గట్టెక్కి నేను ఏదో ఆఫీసులో చేరితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఉన్నదంతా ఊడ్చి నన్ను అనంతపురం కాలేజీకి పంపారు.

అక్కడ ప్రయోగాల గదిలో నా పక్కవాడికి నోరు ఆగేది కాదు. మంట చూడగానే రంగు పైకి అనేవాడు, నేను రాసుకునేవాణ్ణి.

పరీక్షనాడు బల్ల దగ్గర ఒంటరిగా నిలబడ్డాను. నీళ్లలాంటి ద్రావణం ఇచ్చి, ఇందులో ఏ లోహముందో చెప్పమన్నారు. ఏది కలిపినా తెల్లటి మడ్డే దిగింది. ఇక మంటే తేల్చాలి: ఎర్రగా మండితే కాల్షియం, ఆకుపచ్చగా మండితే బేరియం. ప్లాటినం తీగ ముంచి స్పిరిట్ దీపంలో పెట్టాను. ఏదో మురికి పసుపు లేచింది. తీగ కడిగి మళ్లీ పెట్టాను. అదే మురికి. చివరికి వాసన కూడా చూశాను, నా ఖర్మ.

పరీక్షాధికారి వచ్చి ఏం రంగని అడిగాడు. ఎరుపన్నాను.

"ఆకుపచ్చగా మండుతాంటే ఎరుపంటావేమప్పా?"

నా మొహం చూసి, ఒక ఎర్ర పెన్సిలూ ఒక ఆకుపచ్చ పెన్సిలూ పక్కపక్కన పెట్టాడు. నాకు రెండూ ఒకటే.

"ఇది కండ్లలో లోపమప్పా. దీనికి మందు లేదు," అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

తప్పాను. మళ్లీ రాసినా నా కళ్లు ఇవే. వేరే చదువు మొదటినుంచి చెప్పించే శక్తి ఇంట్లో లేదు. ఊరికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మీ మేనమామకూ ఇట్లే," అంది అమ్మ. "నీది నాకు చిన్నప్పుడే తెలుసు."

"మరి చెప్పలేదేమమ్మా?"

"కాగితం తెలుపు, అచ్చరాలు నలుపు. సదువులో ఇంగ రంగులు యాడుంటాయిలే అనుకుంటి నాయనా."