వేలెడు లేని సూదికి వెయ్యి పరీక్షలు

మా పళ్ల డాక్టరు గారికి ఒకటే జబ్బు. పరీక్ష పెట్టకుండా ఏ ఫైలునూ నమ్మరు. ఫైలంటే కాగితాల కట్ట కాదు. పంటి వేరులోని సన్నటి దారిని గీకి శుభ్రం చేసే ఆకురాయి లాంటి సూది.

పన్నెండేళ్లుగా ఆయన దగ్గర నర్సుగా ఉన్నాను. మత్తు ఇంజక్షన్ ఇవ్వగానే ఒక ప్లాస్టిక్ ముక్క తీస్తారు. లోపల పంటి వేరులాగే వంపు తిరిగిన దారి ఉంటుంది. అందులో రకానికొక ఫైలు దూర్చి, అల్లుణ్ని ఎంచినట్టు ఎంచుతూ, కుర్చీలో ఉన్నవాళ్లకు వివరిస్తారు.

"ఇది మొండిది పెద్దమ్మా. వంపు దగ్గర వంగదు, నేరుగా గోడ తొలిచేస్తుంది. దీని మొన మరీ వాడి, లేని దారి తవ్వుతుంది. ఇదిగో, వీడు బుద్ధిమంతుడు. మొన మొద్దు, ఒళ్లు మెత్తన. దారి ఎటు తిరిగితే అటే."

బయట జనం గడియారం చూసుకునేవారు. ఒక దర్జీ అయితే, జీవితంలో తను కొన్న సూదులన్నిటికీ కలిపి ఇంత ఆలోచించలేదని విసుక్కున్నాడు. డాక్టరు గారు నొచ్చుకోలేదు సరికదా, చొక్కా చంక దగ్గర వంపులో కత్తెర ఎలా తిప్పుతారని అరగంట అడిగారు. ఈలోగా ఇద్దరు లేచి వెళ్లిపోయారు. నేను తల పట్టుకున్నాను.

పోయిన ఏడాది నా దవడ పన్నే తిరగబడింది. వేరు కొక్కెంలా వంగి ఉంది. వేరే డాక్టర్లు పీకించుకోమన్నారు. ఈయన కాపాడదామన్నారు. అన్నీ తెలిసినదాన్నే, కుర్చీ ఎక్కగానే త్వరగా అయిపోతే చాలనిపించింది.

"ఏ ఫైలో నాకూ తెలుసు కదండీ, మొదలుపెట్టండి," అన్నాను.

"ఉండమ్మా, ముందు ఈ మొండిదాని సంగతి తేలనీ," అంటూ దాన్ని తిట్టడం మొదలుపెట్టారు.

ఇన్నేళ్లూ ఆయన వెనక నిలబడటంవల్ల నాకు కనపడనిది అప్పుడు కనపడింది. ఆయన చూపు ఫైలు మీద లేదు. కుర్చీని బిగబట్టిన నా వేళ్ల మీద ఉంది. ఆ తిట్లు వింటుంటే నవ్వొచ్చి, వేళ్లు వదులయ్యాయి.

"ఆ, ఇది పనికొస్తుంది," అన్నారు వెంటనే.

పన్ను దక్కింది. మూతి మొద్దుబారి ఉండగానే, ఏది వాడాలో ముందే తెలుసు కదా అని నిలదీశాను.

"ఎక్స్‌రే చూసినప్పుడే తెలుసు," అన్నారు చేతులు కడుక్కుంటూ. "నీ భయం తగ్గడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం తెలీలేదు."

మర్నాడు ఒక తాతగారు వచ్చి, కుర్చీ చేతుల్ని ఊడొచ్చేలా పట్టుకుని కూర్చున్నారు. డాక్టరు గారు అడక్కముందే ట్రేలో ఇంకో రెండు ఫైళ్లు ఎక్కువ పెట్టాను.